సాతాను తత్త్వ విచారము: పరీక్షకుడు శత్రువైన చరిత్ర, దైవము దయ్యమైన వైనము



భద్రాద్రికి దక్షిణముగా, పాల్వంచ సంస్థానాధీశులైన అశ్వారావుల పేరు మోయుచున్న మా అశ్వారావుపేట పరిసర గ్రామములలో ఒక విషయము నిత్యము కంటికి కనబడును. ఒకే వంశములో అన్నగారి ఇంట శ్రీరామనవమి పానకము, తమ్ముని ఇంట ఆదివారపు ప్రార్థన. ఇందులో ఆశ్చర్యము లేదు. ఎవరి విశ్వాసము వారిది. అయితే అన్న ఇచ్చిన ప్రసాదమును తమ్ముడు చేతితో తాకడు. "అది దయ్యములకు పెట్టినది, మేము తినరాదు" అనును. ఆ మాటతో రెండిళ్ళ మధ్య గోడ లేచును. పెళ్ళికి పిలుపులు ఆగును, ముత్యాలమ్మ కొలుపునకు చందాలు ఆగును, కడకు తల్లిదండ్రుల ఉత్తరక్రియల వద్ద కూడ వాగ్వివాదము కలుగును.

ఆలయమునకు వచ్చు భక్తులు అప్పుడప్పుడు ఇట్లు అడుగుదురు: "అయ్యగారూ, వారు సాతాను అనుచున్నది ఎవరిని? రావణుని వంటివాడా? కలిపురుషుడా? లేక మన దేవుళ్ళనే వారు సాతాను అనుచున్నారా?" ప్రశ్న సమంజసమైనది. దీనికి కోపముతో కాక విచారముతో సమాధానము చెప్పవలెను. మన శాస్త్రసంప్రదాయములో సిద్ధాంతము చెప్పుటకు ముందు పూర్వపక్షమును యథాతథముగా నిలుపుట నియమము. పరమతమును వక్రీకరించి ఖండించినవాడు తన మతమును కూడ సరిగా ఎరుగనివాడే యగును. కావున ముందుగా క్రైస్తవ గ్రంథములు ఆ సాతానును గూర్చి ఏమి చెప్పుచున్నవో, ఆ భావన ఎట్లు పెరిగినదో, అది మన తెలుగులోనికి ఏ పదములతో ప్రవేశించినదో చూచి, పిమ్మట మన దర్శనముల మాట విచారింతము.

నామ విచారము

మొదట ఒక అపోహను తొలగింపవలెను. ఆంగ్లములోని 'డెవిల్' శబ్దము మన 'దేవ' శబ్దము నుండి పుట్టినదని, మన దేవతలను నిందించుటకే పాశ్చాత్యులు దానిని కల్పించిరని కొందరు ప్రవచనములలో చెప్పుచున్నారు. ఇది సత్యము కాదు. ఆ పదము గ్రీకు భాషలోని 'దియాబొలోస్' అను శబ్దము నుండి వచ్చినది. దానికి కొండెములు చెప్పువాడు, అపనింద వేయువాడు అని అర్థము. మన 'దేవ' శబ్దము ప్రకాశార్థకమైన 'దివ్' ధాతువు నుండి పుట్టినది. దానికి లాటిన్ భాషలో బంధువు దైవవాచియైన 'దేయుస్' శబ్దము. కనుక శబ్దశాస్త్రరీత్యా డెవిల్‌కు దేవునకు సంబంధము లేదు. అసత్యమైన యుక్తితో స్వధర్మమును రక్షింపబూనుట స్వధర్మమునకే హాని.

'సాతాను' అనునది హీబ్రూ పదము. ఎదురు నిలుచువాడు, ప్రతివాది అని దాని అర్థము. తెలుగు బైబిలు అనువాదకులు గ్రీకు 'దియాబొలోస్' శబ్దమునకు 'అపవాది' అను పదమును ఎంచుకొనిరి. అపవాదము చేయువాడు అపవాది. ఇది మూలార్థమునకు మిక్కిలి సమీపమైన అనువాదము. ఆ పదమును నిలిపిన పండితుడెవరైనను సంస్కృతము తెలిసినవాడే యని చెప్పవచ్చును. ఈ 'అపవాద' శబ్దమునకు వేదాంతములో మరొక అర్థము కలదు. దానిని వ్యాసాంతమున చూతము.

ఆది స్వరూపము: కొలువులోని పరీక్షకుడు

నేటి క్రైస్తవులు సాతాను అనగా దేవునికి పరమశత్రువని తలంతురు. కాని వారి పాత నిబంధనలో, అనగా యూదుల ప్రాచీన గ్రంథములలో, ఆ రూపము కనబడదు. అక్కడ 'సాతాను' అనునది మొదట వ్యక్తి పేరు కాదు, ఒక పని పేరు. సంఖ్యాకాండములో బిలాము అనువాడు గాడిదనెక్కి పోవుచుండగా దేవుడు పంపిన దూతయే దారికి అడ్డముగా నిలుచును. అక్కడ ఆ దేవదూతకే 'సాతాను' అను పదము వాడబడినది, అడ్డగించువాడని భావము.

యోబు గ్రంథములో ఇంకను స్పష్టము. దేవుని కొలువులో దేవదూతలు సమావేశమైనపుడు వారితో కూడ అపవాది వచ్చును. యోబు భక్తి నిష్కామమైనది కాదని, సంపద పోయినచో ఆ భక్తి నిలువదని వాదించును. దేవుడు అనుమతి ఇచ్చును. ఎంతవరకు బాధింపవచ్చునో హద్దు కూడ దేవుడే నిర్ణయించును. యోబు పశుసంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయి, బూడిదలో కూర్చుండియు దైవమును విడువడు.

ఈ కథ విన్న తెలుగువానికి ఎవరు గుర్తుకు వత్తురు? హరిశ్చంద్రుడు. దేవసభలో వసిష్ఠ విశ్వామిత్రుల వాదము, పిదప రాజ్యభ్రంశము, భార్యాపుత్రుల విక్రయము, కాటికాపరితనము, వెంటాడి వేధించు నక్షత్రకుడు. విశ్వామిత్రుని ఎవరును దేవుని శత్రువు అనరు. ఆయన పరీక్షాధికారి. పరీక్ష ముగిసిన పిదప సత్యము యొక్క మహిమ లోకమునకు తెలిసినది. యోబు కథలోని అపవాది పాత్ర కూడ మొదట ఇట్టిదే. కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునకు పుత్రపౌత్రులను, గజాశ్వములను, దివ్యాంగనలను, దీర్ఘాయువును ఆశ చూపును. నచికేతుడు నిరాకరించును. ఇచట ప్రలోభపెట్టినవాడే గురువు; ప్రలోభమునకు లొంగనివానికి బ్రహ్మవిద్యను ప్రసాదించినవాడును ఆయనయే. తెలుగు బైబిలులో ఈ పరీక్షకు 'శోధన' అని పేరు. శోధన యనగా వెదకుట, శుద్ధి చేయుట కూడ. బంగారమును నిప్పులో వేయుట శోధన. ఆ పదము చక్కని పదము.

శత్రువుగా పరిణామము

ఈ కొలువు ఉద్యోగి శత్రువెట్లయ్యెను? ఆ గ్రంథములలోనే ఒక ఆధారము కలదు. దావీదు రాజు జనాభా లెక్క వ్రాయించి దోషి యైన వృత్తాంతము రెండు చోట్ల ఉన్నది. సమూయేలు రెండవ గ్రంథములో యెహోవా కోపమే దావీదును అందుకు ప్రేరేపించినదని ఉన్నది. తరువాతి కాలమున కూర్చబడిన దినవృత్తాంతములలో అదే కథకు ప్రేరకుడు సాతాను. దేవునికి అంటగట్టుటకు మనసొప్పని పనిని వేరొకరికి అప్పగించుట అచట ఆరంభమైనదని పండితులు భావింతురు.

ఈ రెండు రచనల మధ్య యూదుల చరిత్రలో గొప్ప విపత్తు జరిగినది. క్రీ.పూ. 6వ శతాబ్దిలో బాబిలోను సైన్యము యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసి ప్రజలను చెరపట్టినది. పిమ్మట పారసీక చక్రవర్తి కోరెషు బాబిలోనును జయించి వారిని విడిపించెను. యూదులు రెండు శతాబ్దుల కాలము పారసీకుల ఏలుబడిలో నుండిరి. పారసీకుల జరతుష్ట్ర మతములో అహుర మజ్దా అను మంచి ప్రభువునకు ఎదురుగా అంగ్ర మైన్యు అను దుష్టాత్మ నిలుచును. లోకమంతయు ఆ ఇద్దరి రణరంగము. యూదుల సాతాను భావనపై ఈ మతము ప్రభావము ఎంతయని పండితులు నేటికిని వాదించుచున్నారు. అయినను పరాయి పాలనలో నలిగిన ఆ శతాబ్దులలోనే హనోకు గ్రంథము వంటి రచనలు పుట్టినవి; పతనమైన దేవదూతల కథలు, దురాత్మల సేనలు అందు విస్తరించినవి. బాధపడు జాతికి తన బాధకు కర్త ఎవరో తెలియవలెనను తపన సహజము.

క్రీస్తు శకారంభము నాటికి సాతాను పూర్ణరూపము దాల్చెను. సువార్తలలో యేసు నలువది దినములు అరణ్యములో ఉపవసించినపుడు అపవాది ఆయనను శోధించును. రాళ్ళను రొట్టెలుగా చేయుమనుట, ఆలయ శిఖరము నుండి దూకుమనుట, తనకు మ్రొక్కినచో లోకరాజ్యములన్నియు ఇత్తుననుట, ఇవి మత్తయి, లూకా సువార్తలలోని మూడు శోధనలు. ఆకలి, ఖ్యాతి, అధికారము అను మూడింటి ఆశలవి. మన ఏషణాత్రయము తెలిసినవారికి ఈ ఘట్టము అపరిచితము కాదు. యోహాను సువార్త సాతానును అబద్ధమునకు జనకునిగాను, లోకాధిపతిగాను వర్ణించును. పౌలు వెలుగుదూత వేషము ధరించువాడనును. పేతురు పత్రిక గర్జించు సింహముతో పోల్చును. ప్రకటన గ్రంథము మహాసర్పము, ఆదిసర్పము, అపవాది, సాతాను అను నలుగురిని ఒక్కనిగా చేసినది. ఆదికాండములో హవ్వను మోసగించిన సర్పమునకు అక్కడ సాతానని పేరు లేదు. ఆ సమన్వయము తరువాతి వ్యాఖ్యానముల ఫలము.

లక్ష్యములు, హద్దులు

క్రైస్తవ ఆచార్యుల మతములో సాతాను లక్ష్యములను నాలుగింట సంగ్రహింపవచ్చును. మొదటిది, మానవుని దేవుని నుండి వేరుచేయుట. రెండవది, అబద్ధముతో బుద్ధిని భ్రమింపజేయుట. చెడును మంచిగా, మంచిని చెడుగా చూపుట. మూడవది, పాపము చేయించి, చేసినవానిపై దేవుని ఎదుట తానే నేరము మోపుట. అందుకే అపవాది అను పేరు. నాలుగవది, దేవునికి చెందవలసిన ఆరాధనను తాను అపహరించుట. ఈ నాలుగవదే మన ప్రసాద విషయమునకు మూలము.

అయితే ఆ మతములోనే సాతానుకు గట్టి హద్దులు కలవు. అతడు దేవునికి సమానుడు కాడు, సర్వజ్ఞుడు కాడు, సర్వవ్యాపి కాడు. అతడును సృష్టింపబడినవాడే. క్రీ.శ. 354 నుండి 430 వరకు జీవించిన అగస్టీను అను ఆచార్యుడు యౌవనములో సుమారు తొమ్మిది సంవత్సరములు మానీ మతమును అనుసరించెను. వెలుగు, చీకటి అను రెండు అనాది తత్త్వముల పోరాటమే జగత్తు అని ఆ మతము బోధించును. పిమ్మట అగస్టీను దానిని విడిచి చెప్పిన సిద్ధాంతము మనము గమనింపదగినది. చెడు అనునది ఒక వస్తువు కాదు, మంచి యొక్క లోపము మాత్రమే. చీకటి వేరొక పదార్థము కాక వెలుగు లేమియే యైనట్లు. సాతాను కూడ స్వభావముచేత మంచివాడుగా సృష్టింపబడి గర్వముచేత పడిపోయెను. 1215లో రోము నగరమున సమావేశమైన నాల్గవ లాటెరన్ మహాసభ ఇదే నిర్ణయించినది: దురాత్మలు సృష్టిలో మంచివి, తమ స్వేచ్ఛచేతనే చెడ్డవైనవి. 'లూసిఫర్' అను ప్రసిద్ధ నామము కూడ మొదట సాతానుది కాదు. యెషయా గ్రంథములో బాబిలోను రాజు పతనమును ఎగతాళి చేయుచు వేకువచుక్కతో పోల్చిన చోట, ఆ చుక్కకు లాటిన్ అనువాదములో వచ్చిన పేరది. దానిని సాతాను పతనముగా అన్వయించినవారు తరువాతి వ్యాఖ్యాతలు.

మరొక విశేషము. క్రైస్తవులు నిత్యము పఠించు అపొస్తలుల విశ్వాసప్రమాణములో గాని, నైసీయ విశ్వాసప్రమాణములో గాని సాతాను ప్రసక్తి లేదు. వారు విశ్వసించునది దేవుని. సాతానును విసర్జింతురే గాని విశ్వాసవస్తువుగా నిలుపరు. కావున "వారి మతమంతయు సాతాను భయమే" అని మనవారు కొందరు చేయు ఆక్షేపము న్యాయమైనది కాదు.

దేవతలు దయ్యములైన కథ

ఇక పదముల తలక్రిందుల చరిత్రను చూడవలెను. ఋగ్వేదములో 'అసుర' శబ్దము వరుణునకు, సవితకు, ఇంద్రునకు సైతము గౌరవవిశేషణము. అసు అనగా ప్రాణము; ప్రాణశక్తి కలవాడు అసురుడు. కాలక్రమమున అదే శబ్దము దేవవిరోధులకు పేరైనది. పారసీకులలో ఇందుకు వ్యతిరేకముగా జరిగినది. వారి అహురుడు పరమేశ్వరుడు కాగా, వారి 'దఏవ' శబ్దము దుష్టశక్తులకు పేరైనది. ఒకే ఇంట పుట్టిన రెండు మాటలు రెండు దేశములలో స్థానములు మార్చుకొనినవి.

గ్రీకు దేశమున 'దైమోన్' అనగా దివ్యశక్తి, అదృష్టదేవత. సోక్రటీసు తనను తప్పుదారి నుండి వారించు అంతర్వాణిని ఈ శబ్దముతోనే చెప్పుకొనెను. యూదులు తమ గ్రంథములను గ్రీకులోనికి అనువదించునపుడు అన్యజాతుల దేవతలకు ఆ జాతి పదమునే వాడిరి. క్రైస్తవము వ్యాపించిన పిదప గ్రీకు దైమోన్ యూరపు భాషలలో దురాత్మ యయ్యెను.

ఇక మన తెలుగు. 'దయ్యము' అను మాట ఎచటిది? అది సంస్కృత 'దైవ' శబ్దమునకు తద్భవము. ప్రాచీన కావ్యభాషలో దయ్యమనగా దైవము, విధి అను అర్థములు కలవు. తమిళుల 'దెయ్వం' నేటికిని దైవమే. మలయాళ దేశమున 'తెయ్యం' దేవతావేశముతో ఆడు పవిత్ర నృత్యము. తుళునాట 'దైవ' ఆరాధ్యమైన స్థలదేవత. కన్నడ 'దెవ్వ', తెలుగు దయ్యము మాత్రము భయపెట్టు భూతమునకు పేర్లైనవి. ఈ పతనము మిషనరీలు చేసినది కాదు. వారు రాకముందే మన నోటనే జరిగినది. కాని వారు అనువాదము చేయునపుడు దురాత్మకు 'దయ్యము' అను పదమును గ్రహించిరి. పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో అన్యుల బలులను గూర్చి చెప్పిన మాట తెలుగులోనికి వచ్చుసరికి, గ్రామదేవత, పిశాచము, సాతాను సేన అను మూడును ఒక్క మాటలో కలిసిపోయినవి. దైవము నుండి పుట్టిన మాటయే దైవమును దూషించు మాట యయ్యెను.

గోదావరీ తీరమునకు రాక

తెలుగులోనికి బైబిలును తెచ్చు యత్నము 1720ల చివర మద్రాసులో జర్మను పాదిరి బెంజమిన్ షుల్జ్‌తో ఆరంభమైనది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజస్ అనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో సువార్తలను అనువదించిరి. 1818లో ప్రిచెట్ అనువాదము చేసిన నూతన నిబంధన మద్రాసులో అచ్చయినది.

మన అడవికి ఆ మతము నదీమార్గమున వచ్చినది. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిషువారికి ఒప్పగించినది. గోదావరిలో పడవలు ఎగువదాక నడచుటకై భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట పనులు జరిగినవి. ఆ పనులు నడపిన ఇంజనీరు హెయిగ్ అను సైనికాధికారి కోయవారి మధ్య క్రైస్తవ మత ప్రచారమునకు కూడ పూనుకొనెను. పిమ్మట చర్చి మిషనరీ సొసైటీ పక్షమున జాన్ కెయిన్ అను పాదిరి అనేక సంవత్సరములు దుమ్ముగూడెములో నివసించెను. ఆయన 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో 1876 నుండి భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్రాసిన వ్యాసములు నేటికిని విలువైనవి. ముత్యాలమ్మ, మారిడి మహాలక్ష్మి, పోతురాజు, కొమ్మాలమ్మ మొదలైన దేవతల పేర్లను, సంవత్సరారంభమున మామిలి దేవతకు మ్రొక్కు చెల్లింపనిచో పంటలు పండవను నమ్మికను ఆయన నమోదు చేసెను. మన పండితులెవరును వ్రాసి ఉంచని దానిని పరమతస్థుడు వ్రాసి ఉంచెను. ఈ ఋణమును ఒప్పుకొనవలెను.

1912లో డోర్నకల్లు పీఠమునకు బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమ నుండి వచ్చినవాడు, ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన ప్రథమ భారతీయుడు. ఆ తిరునెల్వేలిలోనే 19వ శతాబ్దిలో రాబర్ట్ కాల్డ్వెల్ గ్రామదేవతారాధనను దయ్యపుపూజగా వర్ణించి గ్రంథము వ్రాసెను. నాటి మిషనరీ రచనలలో ఈ వర్ణన సర్వసాధారణము. ఆ వర్ణన పుస్తకములలో ఉన్నంతకాలము అది ఒక అభిప్రాయము. అది ఊరి వీధిలోనికి వచ్చినపుడు, మశూచి నుండి బిడ్డలను కాపాడుమని అవ్వ మ్రొక్కిన ముత్యాలమ్మను మనుమడు దయ్యమనవలసి వచ్చినది. అచటనే గాయమైనది.

ఇచట వారి గ్రంథమునే వారికి గుర్తుచేయవచ్చును. విగ్రహార్పితమైన ఆహారమును గూర్చి పౌలు అదే పత్రిక ఎనిమిదవ అధ్యాయములో, విగ్రహము వట్టిదని, ఆహారము మనుష్యుని దేవునికి దగ్గర చేయదు దూరము చేయదని భావము వచ్చునట్లు చెప్పెను. పదవ అధ్యాయములో దయ్యముల మాట చెప్పుచునే, అన్యుల ఇంట భోజనమునకు పోయినపుడు పెట్టినది విచారింపక తినవచ్చునని, ఇది బలి ఇచ్చినదని ఎవరైన చెప్పినపుడు మాత్రము మానుమని సూచించెను. అనగా అతని చింత పదార్థము మీద కాదు, ఆరాధన మీద, తోటివాని మనస్సాక్షి మీద. కనుక ప్రసాదము తీసికొనని క్రైస్తవుడు తన నియమమును పాటించుచున్నాడని మనము గ్రహింపవలెను. మన పెద్దలును నియమభోజనము చేసినవారే. కాని తీసికొనకపోవుట వేరు, దయ్యముల కూడు అనుట వేరు. మొదటిది నియమము, రెండవది అపవాదము. అపవాదము చేయువాడెవడో వారి గ్రంథమే చెప్పుచున్నది.

మన దర్శనముల మాట

ఇప్పుడు సిద్ధాంతము. మనకు సాతాను కలడా? బృహదారణ్యకోపనిషత్తు దేవతలును అసురులును ఇరువురును ప్రజాపతి సంతానమే యనును. శంకర భగవత్పాదులు ఆ దేవాసురులను ఇంద్రియముల ద్వివిధ ప్రవృత్తులుగా వ్యాఖ్యానించిరి. శాస్త్రము చూపిన దారిన పోవు ఇంద్రియవృత్తులు దేవతలు, స్వేచ్ఛగా పోవునవి అసురులు. యుద్ధభూమి మన శరీరమే. గీత పదునారవ అధ్యాయములో దైవీసంపద, ఆసురీసంపద అను రెండును గుణములు, జాతులు కావు. అందుకే హిరణ్యకశిపుని ఇంట ప్రహ్లాదుడు, లంకలో విభీషణుడు, దైత్యవంశమున బలిచక్రవర్తి పుట్టిరి.

పతనమైన దేవదూతకు మనలో సమీపముగా కనబడువారు జయవిజయులు. వైకుంఠ ద్వారపాలకులై యుండి, సనకాదులను అడ్డగించి, శాపముచేత మూడు జన్మలు హరివైరులై పుట్టిరి. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వారే. పోతనగారి భాగవతము ద్వారా ఈ కథ తెలియని తెలుగిల్లు లేదు. సాతాను పతనమునకు, జయవిజయుల పతనమునకు భేదము ఒక్కటి: వీరు తిరిగి ఇంటికి చేరుదురు. వైరముతోనైనను హరిని తలచినవాడు హరిని చేరును. క్రైస్తవ సంప్రదాయములో అధికాంశము సాతానుకు పునరాగమనము లేదనును.

మన దర్శనములన్నియు ఈ విషయమున ఏకాభిప్రాయము కలవి కావు. 13వ శతాబ్దిలో మధ్వాచార్యులు స్థాపించిన ద్వైత సిద్ధాంతములో కొందరు జీవులు స్వభావముచేతనే తమోయోగ్యులు. వారికి అంధతమస్సు నిత్యము. కలి వారిలో అగ్రగణ్యుడు. భాగవతములో పరీక్షిన్మహారాజు కలిని నిగ్రహించి, జూదము, మద్యపానము, స్త్రీవ్యసనము, హింస, స్వర్ణము అను చోట్లను అతనికి నివాసముగా ఇచ్చెను. సాతానుతో పోల్చదగినవాడు మనలో ఉన్నచో ఈ కలిపురుషుడే. కాని అతడు దైవమునకు ప్రతిరాజు కాడు, ఒక యుగమునకు అధిదేవత. అతని నివాసములు కూడ మన వ్యసనములలోనే యున్నవి.

మూలప్రశ్నను అర్జునుడే అడిగెను. ఇష్టము లేకున్నను బలవంతముగా నెట్టబడినట్లు మనుష్యుడు పాపము చేయుచున్నాడే, నెట్టునది ఎవరు? ఇది గీత మూడవ అధ్యాయములోని ప్రశ్న. భగవానుడు బయటనున్న శత్రువును ఎవరిని చూపలేదు. రజోగుణమున పుట్టిన కామము, క్రోధము, ఇవియే శత్రువు అని చెప్పెను. శత్రువు ఊరి పొలిమేరలో లేడు, పక్కింట లేడు, మరొకరి గుడిలోను లేడు.

ఈ విషయమున మన ఇల్లు కూడ చక్కబెట్టుకొనవలసి యున్నది. మన అడవి గ్రామములలో చేతబడి, బాణామతి అను అనుమానముతో నిరపరాధులైన వృద్ధులను, వితంతువులను హింసించిన దారుణములు ఎన్నో. అచట చెడునకు కారణము బయట ఒక మనిషిలో వెదకుటయే జరిగినది. ముత్యాలమ్మను దయ్యమన్నవాడు, ఒంటరి ముసలమ్మను మంత్రగత్తె యన్నవాడు ఇరువురును ఒకే దోషము చేసినవారు. మతిభ్రమకు, మూర్ఛవ్యాధికి వైద్యునివద్దకు కొనిపోక భూతవైద్యునివద్ద కొట్టించుట, విడుదల ప్రార్థన పేరిట ఆకలితో మాడ్చుట, రెండును అధర్మములే.

అగస్టీను చెడునకు స్వతంత్ర సత్త లేదనెను. అద్వైతులు అజ్ఞానమునకు పారమార్థిక సత్త లేదందురు. ఇవి రెండును ఒకే సిద్ధాంతములు కావు; అతనికి జగత్తు సత్యము, సృష్టికర్త వేరు, జీవుడు వేరు. అయినను చెడును దైవమునకు సరిజోడుగా సింహాసనముపై కూర్చుండబెట్టరాదను విషయమున ఇరువురును ఏకమతులు. ఆ మాటను క్రైస్తవుడు నిజముగా నమ్మినచో, కోట్లాది జనుల భక్తి నందుకొనుచున్నది సాతానని చెప్పుటకు వెనుకాడవలెను; అట్లు చెప్పిన సాతానుకే లోకమును ధారపోసినట్లగును.

ఇక వేదాంతములోని 'అపవాద' శబ్దము. త్రాటిలో పామును చూచుట అధ్యారోపము. ఇది పాము కాదు త్రాడే యని ఆ ఆరోపమును తొలగించుట అపవాదము. అధ్యారోపాపవాదములచేతనే నిష్ప్రపంచమైన బ్రహ్మము బోధింపబడునని మన ఆచార్యుల సంప్రదాయము. లోకములో అపవాదము నింద, వేదాంతములో భ్రాంతినివృత్తి. పక్కింటివాని దైవములో పామును చూచుట అధ్యారోపము. దానిని తొలగించుట సాధకుని పని.

భద్రాద్రి రాముడు తొలుత పోకల దమ్మక్క అను కోయభక్తురాలికి లభించెనని, ఆమె తాటిపండు నివేదించెనని మన క్షేత్ర సంప్రదాయము. శబరి ఇచ్చిన ఫలములను స్వామి జాతి అడిగి తినలేదు. ఆ స్వామి సేవకులమైన మనము ప్రసాదము నిరాకరించిన తమ్ముని నిందింపరాదు. "నీ నియమము నీది, నీకు అభ్యంతరము లేని పండు ఇంట ఉన్నది, కూర్చుండి తినుము" అని చెప్పిన చాలును. అతడు దయ్యమను మాట అన్నచో, ఆ మాట పుట్టుక దైవము నుండియే యని నెమ్మదిగా చెప్పుడు. క్రోధముతో చెప్పినచో గీత చూపిన శత్రువు అప్పటికే మన నోట కూర్చుండియుండును.

స్వస్తి.